పెరగాల్సిన నంబరు

నాకిప్పుడు బాగుంది. ఈ మాట రాసి, ముందు "ప్రస్తుతానికి" అని చేర్చాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. నా తత్వం అలాంటిది. కోట మండలంలో, సముద్రానికి దగ్గరగా, ఏళ్ళ తరబడి రొయ్యల చెరువులు చేస్తున్నవాణ్ణి. రొయ్యపిల్లల సీడు అమ్మేవాడు తన సీడు బంగారం అంటాడు. మేత అమ్మేవాడు తన మేత వేస్తే రొయ్య రాత్రికి రాత్రి పెరుగుతుందంటాడు. మందులమ్మేవాడైతే చెరువు మొహం చూడకుండానే మందు రాసిస్తాడు. వీళ్ళందరి మాటా నమ్మినవాళ్ళు చెరువులు వదులుకుని పోయారు. నేను ఇంకా గట్టు మీద నిలబడి ఉన్నానంటే అది నా అనుమానం చలవే.

ఆ అనుమానాన్ని ఆసుపత్రికి కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడ అది నన్ను కొంచెం కాపాడింది, చాలా ఏడిపించింది. ప్రోస్టేట్ క్యాన్సరు వచ్చి, తగ్గి, తగ్గాక కూడా "నేనెందుకిట్లా అయిపోయాను" అని ఎవరినీ అడగలేక కూర్చున్న మగవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. వాళ్ళ ఆడవాళ్ళు చదివినా మంచిదే.

*మొదటి వేసవి*

మొదట మూత్రం దగ్గర ఇబ్బంది. ఒకరు వయసన్నారు, ఒకరు షుగరన్నారు, ఒకరు గట్టు మీద ఎండన్నారు. చెరువులో చల్లే మందు ఏదో నా ఒంట్లోకి పోయి ఉంటుందని నా అనుమానం. చివరికి నెల్లూరులో ఒక పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షించి క్యాన్సరన్నారు. ఆ రిపోర్టు నాదేనా అని అడిగాను. నా పేరు, మా నాన్న పేరు, ఊరి పేరు చదివి వినిపించమన్నాను. వినిపించారు. దేవసహాయం నేనే.

డాక్టరు గారిది నిదానమైన మాట. నేను చేసే పనేమిటో అడిగి తెలుసుకుని నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు. "మీ ఒంట్లో ఉండే మగ హార్మోనే ఈ జబ్బుకు మేత, దేవసహాయం గారూ. సూది మందుతో ఆ మేత ఆపేద్దాం. ఈలోగా రేడియేషన్, అదే కరెంటు పెట్టి జబ్బును కాల్చేద్దాం."

మేత అనే మాట నాకు బాగా పట్టింది. మేత ఆపితే ఏ జీవమైనా నీరసించిపోతుంది, అది నాకు తెలిసిన విషయం. ఆ ఒక్క మాటతో నా జీవితంలో మొదటిసారి ఒక డాక్టరును నమ్మాను.

కరెంటు పెట్టించుకునే గది బయట మా మగవాళ్ళ వరస చూడాలి. లోపలికి పోయేలోపు మూత్రసంచి నిండి ఉండాలని బాటిళ్ళకు బాటిళ్ళు నీళ్ళు తాగిస్తారు. తాగాక మిషను ఆలస్యం. అందరం మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, గోడ మీద పటాలు చూస్తూ, ఎవరైనా నవ్వితే మా పని అయిపోతుందని మూతులు బిగించుకుని కూర్చునేవాళ్ళం. అక్కడే పరిచయమయ్యాడు మస్తానయ్య. కావలిలో బట్టల కొట్టు. నాకంటే ముందు నుంచి వస్తున్నవాడు. నా మోకాళ్ళు వణకడం చూసి, "అన్నా, నీళ్ళ గురించి ఆలోచించబాక. మీ ఊర్లో ఎవురి మీదన్నా కోపం ఉంటే వాడి గురించి ఆలోచించు, టయిము గడుస్తది" అన్నాడు. నాకు కోపం ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి సులువుగానే గడిచింది. బయటికి వచ్చాక ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ సీసా నా చేతిలో పెట్టేవాడు. ముందు తను ఒక గుక్క తాగి ఇచ్చేవాడు. నా అనుమానం సంగతి రెండో రోజే పసిగట్టాడు మరి.

మా ఇంట్లో ఈ జబ్బు పేరు ఎవరూ పలకలేదు. ప్రోస్టేట్ అంటే అదెక్కడుంటుందో చెప్పాలి, చెప్పాలంటే సిగ్గు. అందుకని రక్తపరీక్షలో వచ్చే పీఎస్ఏ అంకెనే మా ఆవిడ ఎస్తేరమ్మ "నంబరు" అని పిలవడం మొదలుపెట్టింది. మా సంఘంలో బుధవారం స్త్రీల ప్రార్థన నడిపేది ఆమే. "ప్రభువా, మా ఆయన నంబరు పెరగకుండా చూడు" అని మొదటి వారం ప్రార్థన చేసింది. అంతే, ఆ మాట ఊరి మాటయిపోయింది. చర్చి మెట్ల మీద, అంగడి దగ్గర, చెరువు గట్టు మీద కూడా ఒకటే పలకరింపు. "వందనాలన్నా, నంబరు ఎట్టుండాది?"

నంబరు తగ్గింది. దాదాపు ఏమీ లేనంతగా తగ్గింది. సూదులు కూడా ఆపేశారు. ఒక ఆదివారం చర్చిలో నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను స్వస్థపరిచాడన్నాను. కృతజ్ఞత కూడిక, అంటే ప్రార్థన సభ పెట్టి అందరికీ భోజనాలు పెట్టాం. సాక్ష్యం చెప్పాక జబ్బు మనిషిలాగా కనబడటం మా వాళ్ళలో కొంచెం ఇబ్బంది వ్యవహారం.

*తగ్గిన తరువాతి ఏడు*

సూదులు ఆపాక నా హార్మోను మెల్లగా దానంతటదే తిరిగి వస్తుందన్నారు. నేను ఎదురుచూశాను. అది రాలేదు.

అది రాకపోతే ఎలా ఉంటుందో చెబుతాను. చలికాలం ఈదురుగాలిలో గట్టు మీద నిలబడి ఉంటే ఉన్నట్టుండి లోపలి నుంచి మంట లేస్తుంది. చొక్కా తడిసిపోతుంది. పేపర్లో ఎవరో తెలియని మనిషి చనిపోయిన వార్త చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మేత బస్తా భుజానికి ఎత్తబోతే చేతులు నా మాట వినలేదు. ఛాతీ మెత్తబడింది. పగలంతా నిద్ర, లేచినా నిద్రే. భార్యాభర్తల మధ్య ఉండే సంగతి పూర్తిగా ఆగిపోయింది. నాకు కోరికే లేదు కాబట్టి లోటూ తెలియలేదు. ఆమెకు తెలిసి ఉంటుందేమోనన్న ఆలోచన కూడా అప్పట్లో నాకు రాలేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది వేరే ఉంది. ఒకరోజు తెల్లారి చెరువులో ఏరియేటర్లు ఆగిపోయాయి. నీళ్ళలో గాలి చాలక రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకు చేరుతున్నాయి. మామూలుగా అయితే నేను కేకలు పెట్టి ఊరు లేపేవాణ్ణి. ఆ రోజు గట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. పోతే పోనీ అనిపించింది. పక్క చెరువు వాళ్ళు పరిగెత్తుకొచ్చి జనరేటరు వేశారు. ఆ పోతే పోనీ అన్న మనిషి నేను కాదు. వాడెవడో నా చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాడు.

ఎవరితోనైనా చెబుదామంటే అందరిదీ ఒకే మాట. క్యాన్సరే పోయింది, ఇంకేం కావాలి? దాంతో నాకు అసలు అనుమానం పట్టుకుంది. జబ్బు తిరిగి వచ్చింది, నాకు చెప్పడం లేదు. కూతురితో ఎస్తేరమ్మ ఫోనులో గొంతు తగ్గిస్తే తలుపు పక్కన నిలబడి విన్నాను. మనవరాలి జలుబు గురించి మాట్లాడుతోంది. జలుబు అనేది వాళ్ళిద్దరూ పెట్టుకున్న మారుపేరేమో అనుకున్నాను. అంత దూరం పోయింది నా బుర్ర.

*వానలకు ముందు*

చూపించుకోవడానికి మళ్ళీ నెల్లూరు వెళ్ళాం. నేను చెప్పింది వినీ వినగానే డాక్టరు గారు ఎస్తేరమ్మను కాసేపు బయట కూర్చోమన్నారు. నన్ను పడకగది సంగతులు అడిగారు. గోడ వైపు చూస్తూ జవాబు చెప్పాను. రక్తం తీయించి, సాయంత్రం రిపోర్టు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"మీ నంబరు బాగా పడిపోయింది. దాన్ని పెంచాలేమో ఆలోచిద్దాం" అన్నారు.

ఎస్తేరమ్మ కుర్చీలో నుంచి లేచింది. "అయ్యా, ఆ నంబరు పెరగకూడదని ఊరంతా మోకాళ్ళ మీదుంటే మీరు పెంచుతానంటారేంది?"

ఆయన నవ్వకుండా విడమరిచి చెప్పారు. నంబర్లు రెండున్నాయి. పీఎస్ఏ పెరగకూడదు, అది అణిగే ఉంది. పడిపోయింది టెస్టోస్టిరాన్, అంటే మగ హార్మోను. దాన్ని బయటి నుంచి ఇస్తే ఒంట్లోకి సత్తువ, మనసులోకి హుషారు రావచ్చు, ఎముకలకూ మంచిది.

నేను అడిగాను. "మీరు ఆ హార్మోను జబ్బుకు మేత అన్నారు. ఇప్పుడు మీ చేత్తోనే మేత వేస్తానంటారా?"

ఆయన తల ఊపారు. "అన్నాను. అప్పటికి ఆ మాట సరిపోయింది. జబ్బు ఉన్నప్పుడు అది మేతే. ఇప్పుడు తినడానికి అక్కడేమీ కనబడటం లేదు. మీలాంటి కొందరికి జాగ్రత్తగా ఇస్తున్నారు."

"కనబడటం లేదా, అసలే లేదా?"

"కనబడటం లేదు. అంతవరకే చెప్పగలను. తిరిగి రాదని రాసివ్వలేను."

ఆయన బల్ల మీద కలం చూశాను, దాని మీద మందుల కంపెనీ పేరుంది. గోడకు క్యాలెండరు, దాని మీదా కంపెనీ పేరే. మేత కంపెనీలు నాకిచ్చిన టోపీలు, గొడుగులు మా ఇంట్లో మూలన పడి ఉన్నాయి. అవి ఎందుకిస్తారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆలోచించుకుని వస్తానని లేచాను.

వద్దంటే ఈ చచ్చుబడ్డ మనిషిగానే మిగిలిన రోజులు గడపాలి. సరేనంటే నిద్రపోతున్న జబ్బుకు నేనే మేత పెట్టి లేపినట్టవుతుందేమో. ఈ రెండింటి మధ్య వానలు మొదలయ్యాయి.

*క్రిస్మస్ ముందు*

ఒక గురువారం పొద్దున్నే మా ఇంటికి జనం రావడం మొదలైంది. ఒకావిడ హార్లిక్స్ సీసా తెచ్చింది. ఇంకొకాయన దానిమ్మకాయలు. మా చెరువుకు రెండో వైపున్న ఆసామి, నాతో ఏడాదిగా నీళ్ళ కాలువ గురించి మాటల్లేనివాడు, వచ్చి నా చెయ్యి పట్టుకుని, "కాలువ సంగతి మర్చిపోన్నా, నువ్వు బాగుంటే చాలు" అన్నాడు. ఆ మనిషి కాలువ వదులుకున్నాడంటే నేను పోతున్నట్టే.

తరువాత పాస్టరు గారు వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి, "పెరుగుతున్న నంబరును ఆపు తండ్రీ" అని కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. ప్రార్థనలో కళ్ళు మూసే అలవాటు నాకు లేదు, నలుగురినీ గమనిస్తుంటాను. ఎస్తేరమ్మ వైపు చూశాను. ఆమె కూడా కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఆ చూపులో భయం ఉంది. డాక్టరు ఆమెకు ఫోను చేసి నిజం చెప్పాడనీ, ఊరందరికీ తెలిసి నాకొక్కడికే తెలియదనీ నిశ్చయించుకున్నాను.

అందరూ వెళ్ళాక తలుపు వేశాను.

"ఎస్తేరూ, నిజం చెప్పు. ఎన్నాళ్ళుంటానన్నాడు?"

"నన్నడుగుతావేందయ్యా? నన్ను బయటికి పంపిచ్చి నీతో ఒంటిగా మాట్లాడినాడు గదా ఆ డాక్టరు. నువ్వే దాచినావనుకుంటి. పాస్టరు గారికి చెప్పుకుని నాకు చెప్పలేదని ఇంతసేపూ లోలోపలే ఏడస్తా ఉండా."

"నేనెవరికీ ఏం చెప్పలా."

"మరి వీళ్ళందరికీ ఎవురు చెప్పినారు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మెల్లగా ఆమే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముందురోజు బుధవారం ప్రార్థనలో ఆమె ఒక మనవి పెట్టింది. "డాక్టరు గారు నంబరు పెంచాలంటా ఉండాడు, ఏం చేయాల్నో దేవుడు దారి చూపాల" అంది. ఆ మాట మాత్రమే అంది. విన్నవాళ్ళకు నంబరంటే ఒకటే నంబరు. బయటికి వచ్చేసరికి అది నంబరు పెరిగింది అయింది, తెల్లారేసరికి క్యాన్సరు తిరగబెట్టింది అయింది.

"సరిగ్గా చెప్పొచ్చు గదా, మే!"

"ఎట్టా చెప్పేది? అంతమంది ఆడోళ్ళ మధ్యలో మా ఆయనకు మగ హార్మోను పెరగాల, ప్రార్థన చేయండమ్మా అని చెప్పమంటావా?"

నేను నవ్వాను. చాలా కాలానికి కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. మంచం అంచున కూర్చుని చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"నీకు నన్ను చూస్తే ఏం కావాలనిపిస్తా ఉంది? మందు తీసుకోమంటావా, వద్దంటావా?" అని అడిగాను. ఇంతవరకూ ఆ మాట అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"నాకు పడక సంగతి కాదయ్యా ముఖ్యం. అది కూడా లేదని కాదు" అంది, తల దించుకుని. "నువ్వు నాతో పోట్లాడటం మానేసినావు. కూరలో ఉప్పెక్కువైనా తింటావు, తక్కువైనా తింటావు. కావాలనే రెండుసార్లు ఎక్కువేసినా. గమ్మున తిని లేచిపోయినావు. మనిషివి ఇంట్లో ఉండావు, నువ్వు మాత్రం లేవు. ఆ మందుతో నువ్వొస్తావంటే నాకు నువ్వు కావాల. దాంతో నువ్వు పోతావంటే వద్దు. ఏదో ఒకటి తెలిసేదాకా నాకు నిద్దర పట్టదు."

ఏడుపొచ్చింది నాకు. హార్మోను లేని ఏడుపు కాదది, నా ఏడుపే.

*క్రిస్మస్ తరువాత*

మళ్ళీ ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. హాల్లో మస్తానయ్య కనిపించాడు. మనిషి చిక్కాడు. మజ్జిగ సీసా మాత్రం చేతిలో ఉంది. నా గొడవంతా చెప్పి, ఈ డాక్టరు మందు అమ్ముకోవడానికి చూస్తున్నాడేమోనని అనుమానంగా ఉందన్నాను.

మస్తానయ్య సీసా మూత తిప్పుతూ అన్నాడు. "నాకూ నీరసమే అన్నా. ఆ మందేదో నాకూ రాయమని నేనే అడిగినా. కుదరదన్నాడు. నా పీఎస్ఏ నంబరు పైకి కదుల్తా ఉండాదంట. అది కదిలేవాళ్ళకు ఇవ్వకూడదంట. బతిమిలాడినా. ఎంత బతిమిలాడినా ఇవ్వనన్నాడు. అమ్ముకునేవాడైతే నాకెందుకు అమ్మడు?"

ఒక గుక్క తాగి సీసా నా చేతికిచ్చాడు. తనకు దక్కని దాని గురించి నాకు ధైర్యం చెబుతున్నాడు. "నాకు వద్దన్నాడు గాబట్టే నువ్వు నమ్మొచ్చు" అని నా భుజం తట్టాడు.

లోపల డాక్టరు గారికి నా షరతు చెప్పాను. మేం చెరువులో మేత చల్లాక, ఒక చెక్ ట్రేలో కూడా గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దించుతాం. కాసేపాగి పైకి లాగి చూస్తాం. అందులో మేత ఏమైందో చూసుకునే తరువాతి మేత పెంచాలా, తగ్గించాలా, ఆపాలా అని తేల్చుకుంటాం. "నా ఒంట్లో కూడా అట్టే చేయండి. గుప్పెడే వేయండి. లాగి చూడండి. తేడా ఉంటే ఆపేయండి" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "నేను చేయాలనుకున్నదీ అదే. ముందు మీ మేత మాటే నేను తప్పుగా వాడాను. చెక్ ట్రే మాట వాడి ఉండాల్సింది."

ఈ హార్మోను సూదిగా వేస్తే ఒంట్లో చాలా రోజులుంటుందట. ఒంటికి పూసుకునే జెల్ అయితే ఆపాలనుకున్న నాడు ఆపేయొచ్చట. చీటీలో జెల్ రాయించుకున్నాను. మందుల షాపులో పెట్టె తిప్పి తిప్పి తయారీ తేదీ, గడువు, సీలు చూశాను. షాపువాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

రోజూ పొద్దున భుజానికి రాసుకుంటాను. అది ఆడవాళ్ళకు అంటుకోకూడదు, ఆరాక చొక్కా తొడుక్కోవాలి. నేను రాసుకునేటప్పుడు ఎస్తేరమ్మ గది అవతలి చివర నిలబడి, "ఆరిందా?" అని అడుగుతుంది. ఆరిందన్నాక కూడా నమ్మదు. నా అనుమానం ఆమెకు కూడా అంటుకుంది, జెల్ కంటే ముందే.

*ఈ వేసవి*

మార్పు ఒక్కసారిగా రాలేదు. మంటలు తగ్గాయి. పగటి నిద్ర తగ్గింది. ఒకరోజు మేత కంపెనీ కుర్రాడు కొత్త రకం పొడి తెచ్చి పొగుడుతుంటే, నేను వాణ్ణి నిలబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేసి గట్టు దాటించాను. వెనక్కి తిరిగితే అన్నం క్యారియరు పట్టుకుని ఎస్తేరమ్మ నిలబడి ఉంది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. ఇదేం వంట అని గట్టిగా అరిచాను. ఆమె పమిట చాటు చేసుకుని నవ్వింది.

మా ఇద్దరి మధ్య ఆగిపోయిన సంగతి కూడా కొంచెం కొంచెం దారిలో పడింది. దాని గురించి ఇంతకంటే రాస్తే ఆమె ఒప్పుకోదు.

నాలాంటి వాళ్ళకు ఒక్కటే చెప్పాలనుంది. ఎవరో వాడి బాగుపడ్డారని మందుల షాపుకు పోయి ఈ మందు అడక్కండి. నాకు సరిపడింది మస్తానయ్యకు పనికిరాలేదు, ఆయన ఇప్పటికీ వేరే వైద్యంలో ఉన్నాడు. నీరసం గురించి మాత్రం సిగ్గుపడకుండా డాక్టరును అడగండి. ఆయన "నంబరు" అంటే, "ఏ నంబరు?" అని అడగండి.

పోయిన వారం ట్రే పైకి లాగి చూశాం. రక్తపరీక్ష అన్నమాట. పెరగాల్సింది పెరిగింది. పెరగకూడనిది అణిగే ఉంది. మళ్ళీ కొన్ని నెలలకు లాగి చూడాలి. బతికినంత కాలం ఇలా లాగి చూస్తూ ఉండాల్సిందే. భయం పోయిందని నేను సాక్ష్యం చెప్పలేను.

సాక్ష్యం చెప్పింది ఎస్తేరమ్మే. ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ ఉండగా లేచి నిలబడింది. చెవులదాకా ఎర్రబడింది. బైబిలు ఛాతీకి అదుముకుని, గొంతు పెంచి చెప్పింది.

"మా ఆయనకు రెండు నంబర్లుండాయి. ఒకటి పెరగాల, ఒకటి పెరగకూడదు. ఏది ఏదో దేవుడికి తెలుసు, నాకు తెలుసు. మీరు అడగబాకండి. ఊరికే ఆమేన్ అనండి."

చర్చి అంతా ఆమేన్ అంది. కాలువ ఆసామి అందరికంటే గట్టిగా అన్నాడు, కాలువ గొడవ మళ్ళీ మొదలుపెట్టినవాడే. వెనక వరసలో నుంచి నేనూ అన్నాను, కొంచెం ఆలస్యంగా, కళ్ళు తెరిచే.